కొత్తలు కాని మామిడి

ఏప్రిల్ ఎండలో ఐసును దమ్మపేట నుంచి మారేడుగుంపు బడిదాకా, పదకొండు కిలోమీటర్లు, కరగకుండా తేవచ్చా? ఈ ప్రశ్న నాది కాదు, నాలుగో తరగతి చదివే జోగమ్మది. తెలియదన్నాను. చేసి చూద్దామన్నాను.

మారేడుగుంపు అడవి అంచున నలభై ఇళ్ల కోయ పల్లె. బడిలో ఇరవై ఆరుగురు పిల్లలు, నేను, పక్క తండా నుంచి వచ్చే విద్యా వాలంటీరు కోటేష్. 2007 జనవరిలో నేను అక్కడ చేరాను. అంతకుముందు ముదిగొండ దగ్గర పదేళ్లు పనిచేశాను. ఈ బదిలీ నేను అడిగి వేయించుకున్నదే. దమ్మపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, రోజూ మోటార్‌సైకిల్ మీద బడికి వెళ్లేవాణ్ణి.

నీళ్ల పాఠం చెబుతున్నప్పుడు ఈ ఐసు సంగతి మొదలైంది. గడ్డకట్టడం, కరగడం, ఆవిరికావడం. జోగమ్మ లేచి నిలబడింది.

"సార్, సంతల అమ్మే ఐసు తింటె నాలుక ఎర్రగైతది. అది ఏ పండుది?"

"పండు కాదమ్మా, రంగు."

"మరి పండుతోటి ఐసు కాదా?"

అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో మా అమ్మాయి ఇదే అడిగింది. దానికి మామిడిపండుతో చేసిన పుల్ల ఐసు కావాలి. కరెంటు సరిగా ఉండటం లేదు, వచ్చే ఎండాకాలం చేద్దాంలే అన్నాను. సెప్టెంబరులో జ్వరం వచ్చింది. ఐదు రోజులు ఉంది. దానికి తొమ్మిదేళ్లు. ఇంతకు మించి రాయను.

ఆ తర్వాత దాని పేరు నేను పైకి అనలేదు. నా భార్య హేమలత తిరుమలాయపాలెంలో వాళ్లమ్మ దగ్గర ఉండేది. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. ఆ పేరు రాకుండా మాట్లాడటం ఇద్దరం నేర్చుకున్నాం. ఫ్రిజ్ మాత్రం నాతో దమ్మపేట వచ్చింది.

వచ్చే ఎండాకాలం అన్నది వచ్చేసింది. ఈ ఇరవై ఆరుగురైనా నా చేత్తో చేసిన మామిడి ఐసు తినాలి. ఆ ఏడాది నాకున్న కోరిక అదొక్కటే. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

ముందు కరగకుండా తేవడం ఎలాగో చూడాలి. ఒక శుక్రవారం ఒకే కొలత గల నాలుగు ఐసుగడ్డలు తెచ్చి, నాలుగు రేకు డబ్బాల్లో వేశాం. ఒక దానికి టేకాకులు చుట్టాం, ఒక దానికి తడి గోనెసంచి. మూడోది ఇసుకలో, నాలుగోది వడ్ల ఊకలో. ఏది ఆఖరున కరుగుతుందో ఎవరికి వారు చెప్పాలి. ఇసుక అన్నవాళ్లే ఎక్కువ. వాగులో ఇసుక తవ్వితే చల్లగా ఉంటుందని వాళ్ల లెక్క. ఊక అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

"ఊకల పెడితే కాయలు మాగుతయ్ సార్, అంత ఉడుకు పుడతది. ఐసును గూడ మాగబెడతరా ఏంది?" అన్నాడు కోటేష్. పిల్లలు పడిపడి నవ్వారు.

మధ్యాహ్నం అన్నాల వేళకు చూస్తే మూడు డబ్బాల్లో నీళ్లున్నాయి. ఊకలో పిడికెడు గడ్డ మిగిలింది. నవ్వినవాళ్లంతా డబ్బా చుట్టూ మూగారు. ఉడుకు పుట్టించేది చల్లదనాన్ని ఎట్లా కాపాడింది? ఆ ప్రశ్న బోర్డు మీద రాసి అందరినీ ఆలోచించమన్నాను. జోగమ్మ ఊక గుప్పిట్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"దీనికి ఉడుకు లేదు, చల్ల లేదు సార్. లోపటిది బయటికి పోనియ్యదు, అంతే. లోపట ఏదుంటె అదే ఉంచుతది."

అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ మాటనే బోర్డు మీద ప్రశ్న కింద రాశాను.

తర్వాతి చిక్కు పుల్లది. నా ఫ్రిజ్ చిన్నది. ఐసు అరలో టీ గ్లాసులు తొమ్మిదే పడతాయి. రసం పోసి పుల్ల నిలబెడితే ఒక పక్కకు ఒరిగి, అట్లాగే గడ్డకట్టేది. బడికి వెళ్లి చెప్పాను. మధ్యాహ్నం అన్నం వండే రామక్క, జోగమ్మకు నాయనమ్మ, వింటూ వెదురు చీలుస్తోంది. ఐసు పుల్లలు ఆమే చెక్కుతోంది.

"ఇంత సదువుకున్నవ్, పుల్ల నిలబెట్టరాదా సారూ?" అంది.

"గ్లాసు మీద ఆకు మూత పెట్టి, ఆకుకు చిల్లు పొడిచి పుల్ల దింపితే?" అంది జోగమ్మ.

టేకాకు బిరుసుగా ఉంటుంది. పుల్ల కదలలేదు.

ఏ పండుతో చేస్తానో మాత్రం నేను చెప్పలేదు. తిని మీరే చెప్పాలన్నాను. నాలుగు రోజులు పిల్లలు అదే పనిగా ఊహించారు. ఈతపండు అన్నారు, తునికిపండు అన్నారు, బొప్పాయి, జామ అన్నారు. ఒకడు గుమ్మడి అన్నాడు. మామిడి అని ఒక్కరూ అనలేదు. అప్పుడది నాకు వింతగా తోచలేదు. ఊరి చుట్టూ మామిడిచెట్లే కదా, మరీ తెలిసిన పండని వదిలేశారనుకున్నాను. బడి వెనక చెట్టు కింద రాలిన కాయలు రాలినట్టే పడి ఉండేవి. అదీ చూశాను. చూసి ఊరుకున్నాను.

పొద్దున ఆరు నుంచి పదిదాకా కరెంటు కోత, మధ్యాహ్నం మరో రెండు గంటలు. రోజుకు తొమ్మిది చొప్పున మూడు రోజులు పట్టింది. దమ్మపేట తోటల బంగినపల్లి గుజ్జు, నీళ్లు, చక్కెర. చక్కెర ఎక్కువైతే గట్టిపడదు, తక్కువైతే రాయిలా అవుతుంది. రెండుసార్లు చెడగొట్టాక కొలత కుదిరింది. గడ్డకట్టినవాటిని గ్లాసుల్లోంచి తీసి కవర్లలో చుట్టి అదే అరలో వెనక సందుల్లో ఇరికించాను. మొత్తం ఇరవై ఏడయ్యాయి.

మంగళవారం పొద్దున థర్మాకోల్ డబ్బాలో ఊక నింపి, వాటిని పాతిపెట్టి, బండికి కట్టుకుని బయలుదేరాను. కోటేష్ ఆ రోజు భద్రాచలం వెళ్లాడు, రాలేదు. పదకొండు కిలోమీటర్లూ వెనక్కి చేయి పెట్టి డబ్బా అడుగు తడుముతూనే ఉన్నాను. తడి లేదు.

పిల్లలు వరుసగా వచ్చి తలా ఒకటి తీసుకున్నారు. చేతికి చల్లగా తగలగానే కేకలు. ఒకడు చెంపకు ఆనించుకున్నాడు. కవర్లలోకి దూరిన ఊక కడగడానికి చెంబులో నీళ్లు పెట్టాను. జోగమ్మ తనది కడుక్కుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ వాసన చూసింది.

"ఏం పండు సార్ ఇది?"

"తిని చెప్పు."

ఆమె తినలేదు. వెనక్కి తిరిగి వాళ్ల భాషలో ఒక మాట అంది. కేకలు ఆగిపోయాయి. నోటిదాకా వెళ్లిన చేతులు కిందికి దిగాయి.

ఇరవై ఆరుగురూ పుల్లలు పట్టుకుని నిలబడ్డారు. ఐసు కరగడం మొదలైంది. పసుప్పచ్చటి నీళ్లు మణికట్టు మీదుగా మోచేతులకు కారాయి. ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు చేయి నాకబోతే వాళ్లక్క తన గౌనుతో తుడిచేసింది.

"బాగుండదని భయమా?" అన్నాను.

"బాగనే ఉంటది సార్."

"మరి తినండి."

ఎవరూ కదల్లేదు.

"నేను తినమంటున్నాను కదా."

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకు తెలియదు. ఒకటో తరగతి పిల్లవాడు ఐసు వంక చూస్తూనే ఏడ్చాడు. వాడికి తినాలని ఉంది. అయినా తినడం లేదు. అదే నాకు అంతుబట్టలేదు.

జోగమ్మ ముందుకొచ్చి తన ఐసును డబ్బాలో, ఊక మీద, జాగ్రత్తగా పెట్టింది. తర్వాత అందరూ అట్లాగే పెట్టారు. ఒక్కటీ నేల మీద పడేయలేదు.

కేక విని రామక్క వంట దగ్గర్నుంచి వచ్చింది. డబ్బాలోకి తొంగి చూసింది.

"మామిడా?"

"అవునమ్మా."

"పోరగాండ్లను తిట్టకు సారూ. కొత్తలు కాలే."

"కొత్తలంటే?"

"కొత్త కాయకు పండుగ చేస్తం. అది కాంగనే తింటం. ఊరి పెద్ద గోపయ్య ఈ ఆదివారం పెట్టిండు. అందాక మామిడి నోట్ల పెట్టం."

"తింటే ఏమవుతుంది?"

"ఏమైతదో ఎవరు చూసిన్రు? మా ముందల తినెటోళ్లు ఉన్నరు. ఆళ్లు తినకుండ మేమెట్ల తింటం?"

"ఎవరు వాళ్లు?"

"పోయినోళ్లు." ఆమె కొంగుతో పిల్లవాడి ముక్కు తుడిచింది. "మా అత్త, మామ, మా ఆయన. ఆకేసి పెట్టి, పేరు పెట్టి పిలుస్తం. ఆళ్లు తిన్నంక మేము. గింత పోరగానికి గూడ ఎరుకే. నీకే ఎరుకలేదు."

నేను డబ్బా మూత పెట్టబోయాను. ఆమె ఆపింది.

"మీ ఇంట్ల పోయినోళ్లు లేరా సారూ?"

"ఉన్నారు."

"ముసలోళ్లా?"

"అమ్మాయి. తొమ్మిదేళ్లు."

డబ్బాలో ఐసులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి.

"ఆ పిల్ల తినేదా, మామిడి?"

తలూపాను.

"ఈ ఏడు పెట్టినవా?"

"లేదు."

"నీ బిడ్డకు పెట్టకుండనే మా పోరగాండ్లకు పెట్టబోయినవా?"

తిట్టినట్టు అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆ ఇరవై ఏడూ బడి వెనక మామిడిచెట్టు మొదట్లో పోశాం.

మర్నాడు కోటేష్‌కు చెబితే తల పట్టుకున్నాడు. "నా చెవుల ఒక్క మాటేస్తె ఐపోవుగద సార్! రహస్యం రహస్యమని ఫ్రిజ్‌ల దాచిపెట్టిన్రు."

"మీ తండాలో కూడా ఇంతేనా?"

"మా దాంట్ల గట్లేం లేదు. మేం చెట్టు మీదనే తినేసి టెంక కిందికి ఇసురుతం."

ఆ సాయంత్రం గోపయ్య ఇంటికి వెళ్లాను. ఊరికి పెద్ద ఆయనే. పండుగలో కొత్త మామిడికి మొదటి నీళ్లు వదిలేది ఆయనే. మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆదివారం పండుగ అయ్యాక పిల్లలకు ఐసు పెట్టవచ్చా అని అడిగాను. పెట్టొచ్చన్నాడు. ఇంకో మాట అడగడానికి కొంత సమయం పట్టింది.

"మీ పెద్దలతో పాటు మా అమ్మాయికి కూడా ఒక ఆకు మీరు వేస్తారా?"

ఆయన తాడు పేనడం ఆపాడు.

"ఆకేస్తం. ఆకుకేముంది సార్, అడవి నిండ ఉన్నయ్. కని పిలిచేది నేను కాదు."

"ఎందుకు?"

"నా గొంతు ఆ పిల్లకు ఎరుకనా? నేను పిలిస్తె వస్తదా? నీ బిడ్డ, నువ్వు పిలువాలె. పేరు పెట్టి, ఇనబడేటట్టు."

"మనసులో అనుకుంటే చాలదా?"

"నువ్వు మనసుల అనుకుంటె నీ బిడ్డ అన్నానికి వస్తుండెనా?" అని నవ్వాడు. "కేకేస్తె గద వచ్చేది."

వచ్చేటప్పుడు రామక్క తన చెట్టు కాయలు గంపెడు ఇచ్చింది, గడ్డిలో మాగినవి. పండుగకు ఊరి కాయే పెట్టాలట. ఇంకో షరతు కూడా పెట్టింది. చేసేటప్పుడు రుచి చూడకూడదు.

ఇదొక కొత్త లెక్క. అవి బంగినపల్లి కావు, పీచు మామిడి. పుల్లగా ఉంటాయని వాసనే చెబుతోంది. ఎంత పులుపో నాలుక మీద వేసుకోకుండా ఎట్లా తెలుసుకోవాలి? గుజ్జును పల్చని గుడ్డలో వడకట్టాను. పాత కొలత కంటే చక్కెర పిడికెడు పెంచితే గట్టిపడకపోవచ్చు. పెంచకపోతే పళ్లు జివ్వుమనవచ్చు. సగం పిడికెడు పెంచాను. వేలికి అంటిన గుజ్జును కుళాయి కింద కడిగాను. అట్లా మూడు రోజులు, రోజుకు తొమ్మిది. మళ్లీ ఇరవై ఏడు.

ఆ మూడు రోజులూ గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు పేరు పైకి అని చూడాలనుకున్నాను. నోరు తెరిచేవాణ్ణి. ఫ్రిజ్ చప్పుడు వినబడేది. మూసుకునేవాణ్ణి.

ఆదివారం పొద్దున ఊరి చివర ఇప్పచెట్టు కింద అందరూ చేరారు. గోపయ్య కొత్త మామిడిగుత్తికి నీళ్లు వదిలి, వాళ్ల భాషలో ఏదో చెప్పుకున్నాడు. తర్వాత ఇంటికొకరు మోదుగాకు పరిచి, అన్నం, మామిడిముక్క పెట్టి, పోయినవాళ్లను పిలిచారు. ఏడుపు లేదు. అన్నాల వేళ పక్కింటికి వినబడేట్టు పిలుస్తామే, అట్లాగే పిలిచారు. రామక్క తన మొగుణ్ణి పిలిచి, "జల్దీ తిను, మల్ల కల్లుకు పోతవ్" అంది. అందరూ నవ్వారు.

వరుస చివర ఖాళీ ఆకు ఒకటి ఉంది. జోగమ్మ డబ్బా మూత తీసింది. ఊకలోంచి ఒక ఐసు తీసి, కడిగి, ఆకు మీద పెట్టాను. అన్నం పెట్టినట్టు కుదరదు. పుల్ల ఒక పక్కకు వాలింది.

నోరు తెరిచాను. మాట రాలేదు.

ఎవరూ తొందరపెట్టలేదు. ఎండ చెట్టు సందుల్లోంచి ఆకు మీద పడుతోంది. ఐసు అంచులు గుండ్రబడ్డాయి. ఆకు గుంటలో పసుపు నీళ్లు చేరాయి. ఇరవై ఆరుగురు పిల్లలు, ఇరవై ఆరు ఐసులు నా ఒక్క మాట కోసం ఆగి ఉన్నాయి. జోగమ్మ నా పక్కన గొంతుకూర్చుని ఐసు వైపే చూస్తోంది.

"సార్," అంది మెల్లగా, "కరుగుతున్నది సార్. ఐపోతె ఆమెకేం ఉంటది? జల్దీ పిలువున్రి."

"జ్యోత్స్నా," అన్నాను.

మెల్లగా వచ్చింది. గోపయ్య చెవి వెనక చేయి పెట్టుకున్నాడు, వినబడలేదన్నట్టు.

"జ్యోత్స్నా! రా అమ్మా. ఐసు చేశాను."

ముదిగొండలో వీధి చివరిదాకా వినబడేట్టు పిలిచేవాణ్ణి. ఆ గొంతే అది. నాకే కొత్తగా వినిపించింది. గోపయ్య చేయి దించి, పిల్లల వైపు తలూపాడు.

తర్వాత కాసేపు ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు.

"పుల్లగుంది సార్!" అని ఒకటో తరగతి పిల్లవాడు మొహం వికారంగా పెట్టి, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. చక్కెర పూర్తి పిడికెడు వేయాల్సింది. రామక్క జోగమ్మది లాక్కుని కొరికి, చేత్తో దవడ పట్టుకుంది. "ఓయమ్మ, పండ్లు ఊడగొడతవా సారూ!" అంది. అయినా తిరిగివ్వలేదు. నా చేతికి ఎవరో మామిడిముక్క ఇచ్చారు. తిన్నాను. ఆ ఏడు అదే మొదటిది.

జోగమ్మ మాత్రం ఆకుల వరుస వెంట నడుస్తూ ఒక్కో ఆకునూ వంగి చూస్తోంది. చివరి ఆకు దగ్గర ఆగి నన్ను పిలిచింది.

"సార్, మా తాత ఆకుల అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. అందరియీ గట్లనే ఉన్నయ్. మీ అమ్మాయి మొత్తం తిన్నది. పుల్ల ఒక్కటే ఇడిచిపెట్టింది."

నేను వంగి చూశాను. ఆకు చిరుగులోంచి నీళ్లు కూడా నేలలోకి దిగిపోయాయి. తడి ఆకు మీద వెదురుపుల్ల ఉంది. కరగడం గురించి ఆ పిల్లకు పాఠం చెప్పింది నేనే. పాఠం ఆమెకు బాగా వచ్చు. అయినా నా మొహం వంక చూసి జవాబు కోసం ఆగింది.

"అవునమ్మా, తిన్నది," అన్నాను.

"ఇంక ఏం పండ్లు తింటుండె సార్?"

ఆ ప్రశ్న నన్ను ఏడు నెలల్లో ఎవరూ అడగలేదు. నేల మీద కూర్చున్నాను.

"సీతాఫలం. జ్యోత్స్న గింజలన్నీ వరుసగా పేర్చి లెక్కపెట్టేది. నాకంటే ఒకటి ఎక్కువ వచ్చేదాకా లేచేది కాదు."

జోగమ్మ నా పక్కన కూర్చుంది.

"సీతాఫలంతోటి ఐసు అయితదా సార్?"

"తెలియదు," అన్నాను. "దసరాకు కాస్తాయి. చేసి చూద్దాం."